పంటి కుర్చీలో భయానక రసం

రాజమండ్రి, భీమవరం, అమలాపురం - మా వైపు ఏ ఊరైనా సరే, నాలుగు వీధులు తిరిగితే పంటి వైద్యుల బోర్డులు నాలుగైనా కనబడతాయి. వాటిలో ఒకదాని మీదనైనా ఈ వాక్యం ఉండి తీరుతుంది: "నొప్పి లేకుండా పళ్ళు తీయబడును." జీవితమంతా తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక, బోర్డు చూస్తే ముందుగా వ్యాకరణం మీదికే నా దృష్టి పోతుంది. ఇది కర్మణి ప్రయోగం. ఇందులో పళ్ళున్నాయి, నొప్పి ఉంది, తీయడం ఉంది. తీసేవారెవరో లేరు. తీయించుకొనేవారు అసలే లేరు. ఆ పంటి వెనుక ఒక మనిషి ఉంటాడనీ, ఆ మనిషి నిన్న రాత్రి కన్ను మూయలేదనీ ఆ బోర్డుకు తెలియదు.

నా వాదం ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచి చదువరిని ఊరించడం నాకు చేతకాదు. పంటి వైద్యానికి వచ్చినవారి భయాన్ని మనం పిరికితనం కింద జమ కడుతున్నాం. అది అన్యాయం. ఆ భయంలో ఎక్కువ పాలు ఇంట్లో పెద్దలూ, వైద్యశాలలో వైద్యులూ తమ మాటలతో, తొందరతో, మౌనంతో తయారు చేసినదే. మాటతో పుట్టినదాన్ని మాటతో తీయవచ్చు. నిద్రమాత్ర దాకా, మత్తు దాకా పోకముందే ఆ ప్రయత్నం చేయడం వైద్యుని విధి. దాన్ని దయాదాక్షిణ్యాల ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను.

ఒక మాట స్పష్టం చేయాలి. చిగురుకు తిమ్మిరి ఎక్కించే సూదిని నేను తప్పు పట్టడం లేదు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ అనే రసాయన శాస్త్రవేత్త లిడొకెయిన్‌ను తయారు చేశాడు. ఆయనకు మనమందరం ఋణపడి ఉన్నాం. అది నొప్పికి మందు. నేను మాట్లాడుతున్నది భయానికి ఇచ్చే మందును గురించి. నొప్పీ భయమూ అన్నదమ్ములే గాని ఒక్కరు కారు. నొప్పి పోయినా భయం మిగులుతుంది. నొప్పి ఇంకా మొదలు కాకముందే భయం వచ్చి కూర్చుంటుంది.

భరతముని నాట్యశాస్త్రంలో భయానక రసానికి భయం స్థాయి భావం. దాన్ని మేల్కొలిపేవి విభావాలు. అది మేల్కొన్నదని శరీరం చాటే గుర్తులు అనుభావాలు. ఆ గుర్తులలో తమంతట తామే పుట్టుకొచ్చే ఎనిమిదింటిని సాత్త్విక భావాలన్నారు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. భాషాప్రవీణ చదివే రోజుల్లో వీటిని వల్లె వేశాను. తరువాత పంటి వైద్యశాలలో కళ్ళారా చూశాను. కుర్చీలో పడుకోగానే కొయ్యబారిపోవడం స్తంభం. అరచేతులు తడిసిపోవడం స్వేదం. "ఎప్పటినుంచి నొప్పి?" అని అడిగితే గొంతు పెగలకపోవడం స్వరభేదం. మోకాళ్ళు కొట్టుకోవడం వేపథువు. ముఖం పాలిపోవడం వైవర్ణ్యం. సూది చూడగానే సొమ్మసిల్లడం ప్రళయం. రోమాంచాన్నీ, అశ్రువునూ వేరే చెప్పనక్కర లేదు. ఎనిమిదీ ఒక్క మనిషిలో పావుగంట లోపల!

ఈ ఎనిమిదింటికీ ఉన్న సమాన లక్షణం గమనించండి. ఒక్కటీ మన ఆజ్ఞకు లోబడదు. చెమటను ఆగమంటే ఆగుతుందా? వణుకును మందలిస్తే తగ్గుతుందా? అందుకే "ధైర్యంగా ఉండు" అనే మాటకు పంటి కుర్చీలో విలువ లేదు. అది విన్నవాడికి భయం తగ్గదు సరికదా, భయపడుతున్నానన్న సిగ్గు అదనంగా చేరుతుంది. భావం అణగాలంటే విభావాన్ని మార్చాలి. ఇది రెండు వేల ఏళ్ళనాటి మన శాస్త్రం చెబుతున్న దారి. నేటి మనస్తత్వ శాస్త్రం వేరే మాటలలో చెబుతున్నదీ అదే.

పంటి వైద్యశాలలో విభావాలు ఏమిటి? మొదటిది వాసన. కొందరికి గుమ్మం దగ్గరే లవంగ నూనె వాసన తగులుతుంది. పంటికి తాత్కాలికంగా పెట్టే సిమెంటులో యూజినాల్ ఉంటుంది. లవంగ నూనెలో ప్రధానమైన పదార్థం అదే. పులావులో నోరూరించే లవంగం ఇక్కడ గుండె దడ పుట్టిస్తుంది. వస్తువు ఒకటే, సందర్భం వేరు. రెండవది చప్పుడు. 1957లో బోర్డెన్ అనే అమెరికా దంతవైద్యుడు గాలితో తిరిగే మరను వాడుకలోకి తెచ్చాడు. అది నిమిషానికి లక్షల చుట్లు తిరుగుతుంది. పని త్వరగా అవుతుంది, పాత మరల అదురు లేదు. కాని ఆ సన్నని కూత వచ్చింది. ఆ కూత లోపలి రోగికంటె బయట బెంచీ మీద కూర్చున్నవాణ్ణి ఎక్కువ హింసిస్తుంది. లోపలివాడికి ఏం జరుగుతున్నదో కొంత తెలుసు. బయటివాడు అంతా ఊహించుకొంటాడు. మూడవది వెల్లకిలా పడుకోబెట్టి, ముఖాల మీద గుడ్డలు కట్టుకొన్న ఇద్దరు మీదికి వంగడం. నాలుగవది అన్నిటికంటె పెద్దది: నోరు తెరిచి ఉన్నవాడు మాట్లాడలేడు. తన శరీరం మీద జరిగే పనికి తాను కర్త కాడు, కర్మ. స్వతంత్రుడైనవాడే కర్త అని వ్యాకరణం చెబుతుంది. ఆ స్వాతంత్ర్యం కాస్తా కుర్చీ వెనక్కి వాలగానే పోతుంది.

ఇప్పుడు మాత్ర సంగతి చూద్దాం. మత్తు కలిగించే మాత్ర అనుభావాలను అణుస్తుంది. చెమట ఆరుతుంది, వణుకు తగ్గుతుంది. విభావాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. మళ్ళీ వచ్చే నెల అదే వాసన, అదే కూత, అదే కుర్చీ; భయమూ అదే. ఇది నా ఊహ కాదు. 2000 సంవత్సరంలో తోమ్, సార్టరీ, యోరెన్ అనే పరిశోధకులు జర్మనీలో పంటి వైద్యమంటే తీవ్రమైన భయం ఉన్న 50 మందిని తీసికొని పరీక్షించారు. కొందరికి శస్త్రచికిత్సకు ముందు బెంజోడయాజపైన్ మాత్ర ఇచ్చారు. కొందరికి ఒకే ఒక్కసారి కూర్చోబెట్టి, భయాన్ని ఎదుర్కొనే తీరు నేర్పి, ఇంట్లో సాధన చేయమన్నారు. మిగిలినవారికి రెండూ లేవు. చికిత్స నాడు మాత్రా పని చేసింది, మాటా పని చేసింది. తేడా తరువాత బయటపడింది. మాట సాయం పొందినవారిలో 70 శాతం మంది పంటి వైద్యం కొనసాగించారు. మాత్ర తీసికొన్నవారిలో కొనసాగించినవారు 20 శాతం. ఏదీ లేనివారిలో 10 శాతం. మాత్ర ఆ పూట గడిపింది. మాట మనిషిని మళ్ళీ కుర్చీ దాకా తెచ్చింది. పంటి వైద్యంలో మళ్ళీ రావడమే సగం వైద్యమని ఏ వైద్యుని అడిగినా చెబుతాడు.

భయానికి విత్తనం పడేది ఇంట్లోనే. "అల్లరి చేశావంటే డాక్టరు గారి దగ్గరికి తీసికెళ్ళి సూది వేయిస్తాను" అనని ఇల్లు మా జిల్లాలలో ఎన్ని ఉంటాయో వేళ్ళ మీద లెక్క పెట్టవచ్చు. అన్నం తినకపోతే సూది, నిద్రపోకపోతే సూది, పక్కింటి పిల్లను గిల్లితే సూది. వైద్యుణ్ణి పోలీసు ఉద్యోగంలో వేసి, ఆరేళ్ళు వచ్చాక అదే పిల్లవాణ్ణి ఆయన ముందు కూర్చోబెట్టి "మావయ్య మంచివాడమ్మా, నోరు తెరువు" అంటే వాడు నమ్మాలా? నోరు తెరవకపోవడంలో వాడి తర్కం నిర్దుష్టంగా ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాను, పిల్లవాడు పెద్దల మాటల్ని పూర్తిగా నమ్ముతాడు. బెదిరింపును కూడా.

పిల్లలకు సూది కథలైతే పెద్దలకు ఇంకో కథ: "పై దవడ పన్ను తీయిస్తే కళ్ళు పోతాయి." చదువుకొన్నవారి నోటనే విన్నాను. పై పళ్ళకు స్పర్శ తెచ్చే నరం వేరు, చూపు తెచ్చే నరం వేరు. మొదటిది ముఖానికి స్పర్శ ఇచ్చే ఐదవ కపాల నాడిలో ఒక శాఖ. రెండవది కంటి వెనుక నుంచి నేరుగా మెదడుకు పోయే రెండవ నాడి. పన్ను తీస్తే చూపు పోదు. నలభై ఏళ్ళు దాటాక చత్వారం వస్తుంది. పళ్ళు ఊడే వయసూ ఇంచుమించు అదే. రెండూ ఒకేసారి రావడం చూసి ఒకటి రెండోదానికి కారణమనుకొన్నారు. కాకతాళీయ న్యాయమంటే ఇదే కదా!

ఇంట్లో మొలిచినదానికి వైద్యశాలలో నీళ్ళు పోస్తారు. "ఇంత పెద్దవారు, భయమేమిటండీ" అని ఒక చురక. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు? నోరంతా పాడు చేసుకొన్నారు" అని ఒక అక్షింతలు. ఆపైన "ఆర్‌సీటీ చేసి క్రౌన్ వేయాలి, పక్కది ఎక్స్‌ట్రాక్షన్, మొత్తం మీద స్కేలింగ్ కంపల్సరీ" అని ఒక తీర్పు. రూట్ కెనాల్‌ను దంతమూల నాళ చికిత్స అనమని నేను అడగడం లేదు. పండితుణ్ణి గాని పాషాణాన్ని కాను. ఆ మాట వింటే మిగిలిన నాలుగు పళ్ళూ భయపడి ఊడతాయి. "పన్ను లోపల నరం చచ్చిపోయింది, అక్కడ చీము పట్టింది, దాన్ని శుభ్రం చేసి మూసేస్తే పన్ను దక్కుతుంది" అనడానికి ఏం అడ్డం? మనవాళ్ళ దగ్గర బాధకు ఎన్ని మాటలున్నాయో చూడండి: జివ్వుమనడం, సలుపు, పోటు, తీపు, గుంజు, మంట, చురుకు. చల్లని నీళ్ళకు జివ్వుమంటున్నదన్న మనిషీ, రాత్రంతా సలుపుతున్నదన్న మనిషీ రెండు వేర్వేరు జబ్బులు చెబుతున్నారు. వినే ఓపిక ఉంటే సగం రోగనిర్ణయం తెలుగులోనే అయిపోతుంది. విన్నారన్న నమ్మకంతో సగం భయమూ పోతుంది.

భయం వల్ల పోయేదేమిటి, మహా అయితే ఒక పన్ను అనుకొనేవారి కోసం మా పెద్దక్కయ్య సంగతి చెబుతాను. ఆవిడది కోనసీమలో ఒక లంక గ్రామం. యాభై నాలుగో ఏట కింది దవడ పన్ను పుచ్చి, పట్నంలో ఒక వైద్యుని దగ్గరికి వెళ్ళింది. రెండు గంటలు ఆ కూత వింటూ బెంచీ మీద కూర్చుంది. లోపల కుర్చీ వాల్చగానే లేచిపోబోయింది. ఆయన విసుక్కొని, "చిన్నపిల్లలకంటె కనా కష్టంగా ఉన్నావేమ్మా, పనులున్నాయి మాకు" అన్నాడు. దిగి వచ్చేసింది. తొమ్మిదేళ్ళు మళ్ళీ ఏ పంటి వైద్యుని గుమ్మమూ తొక్కలేదు. ఒక పక్కనే నమలడం, లవంగం, కర్పూరం, పుగాకు ముక్క, మందుల కొట్టులో అడిగి తెచ్చుకొన్న నొప్పి బిళ్ళలు - వీటితో నెట్టుకొచ్చింది. తొమ్మిదో ఏట ఒక సాయంత్రం దవడ కింద వాచింది. తెల్లవారేసరికి నాలుక పైకి లేచింది, మింగుడు పడలేదు, జ్వరం కాగిపోతోంది. రేవు దాటించి ఆసుపత్రికి చేర్చారు. పంటి చీము నాలుక కిందికి, మెడలోకి పాకితే ఊపిరి దారి మూసుకుపోతుందనీ, ప్రాణం మీదికి వస్తుందనీ అక్కడ పెద్ద డాక్టరు చెప్పాడు. దైవవశాన బ్రతికింది. ఆవిణ్ణి అంతదాకా తెచ్చినది పుచ్చిన పన్ను అందామా, ఆ ఒక్క విసుగు మాట అందామా?

మా ప్రాంతానికి ఇంకో ప్రమాదం ఉంది. గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరు పడ్డది. మన దేశంలో మగవారికి వచ్చే కాన్సర్లలో నోటి కాన్సర్ మొదటి వరుసలో ఉంది. అది మొదట నొప్పి లేని తెల్ల మచ్చగానో, ఎర్ర మచ్చగానో, మానని పుండుగానో కనిపించవచ్చు. రెండు మూడు వారాలకు మానని పుండును చూపించి తీరాలి. పంటి వైద్యుడంటే భయమున్నవాడు ఎందుకు చూపిస్తాడు? నొప్పే లేదాయె!

ఆసుపత్రి నుంచి వచ్చిన తరువాత అక్కయ్యకు మిగిలిన పళ్ళు బాగు చేసినది ఒక యువ వైద్యురాలు. ఆ అమ్మాయి చేసిన పని వివరంగా రాస్తాను. ఎందుకంటే అందులో భయానికి ఒక్క బిళ్ళ కూడా లేదు.

మొదటిరోజు పెద్ద కుర్చీ ఎక్కించలేదు. ఎదురుగా మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, ముఖానికి గుడ్డ లేకుండా తానూ కూర్చొని, "మామ్మగారూ, ఇవాళ మీ నోట్లో ఏ పనిముట్టూ పెట్టను. మీకు దేనికి భయమో చెప్పండి" అంది. అరవై మూడేళ్ళకు ఆ ప్రశ్న మొదటిసారి విన్నది మా అక్కయ్య. "నొప్పికి కాదు తల్లీ. ఆ నీళ్ళు గొంతులోకి పోయి ఊపిరాడదేమోనని" అంది. చిన్నప్పుడు కాలువలో పడి మునిగి తేలిన మనిషి! ఇన్నేళ్ళూ అందరూ ఆవిడకు నొప్పి ఉండదని చెప్పారు. ఆవిడ భయం నొప్పిని గురించే కాదు. అడగనిదే ఎలా తెలుస్తుంది? ఆ అమ్మాయి కుర్చీని పూర్తిగా వాల్చకుండా సగంలో ఆపింది. నీళ్ళు పీల్చే గొట్టాన్ని అక్కయ్య చేతికే ఇచ్చి, "మీరే పట్టుకోండి, కావలసినప్పుడు మీరే పెట్టుకోండి" అంది. సమస్యలో ముప్పాతిక వంతు అక్కడే తీరింది.

రెండవది చేతి గుర్తు. "ఎడమ చెయ్యి ఎత్తారంటే నేను ఆపేస్తాను. ఎందుకని అడగను." మొదటిసారి అక్కయ్య నాలుగుమార్లు ఎత్తింది, నాలుగుసార్లూ ఆగింది. రెండవసారి ఒక్కమారు. మూడవసారి ఎత్తలేదు. నోరు మూతపడ్డవాడికి చెయ్యి ఇచ్చిన మాట అది. కర్మగా పడుకొన్న మనిషి మళ్ళీ కర్త అయ్యాడు. ఒక షరతు మాత్రం ఉంది: ఎత్తినప్పుడు నిజంగా ఆపాలి. "ఒక్క నిమిషం, అయిపోయింది" అని కొనసాగిస్తే ఆ ఒప్పందం అంతటితో సరి. ఎవరైనా కొత్తగా బోర్డు రాయించదలిస్తే నా సలహా ఇది: "మీకు భయమైతే ముందే చెప్పండి. మీరు చెయ్యి ఎత్తితే మేము ఆపుతాము." చక్కని కర్తరి ప్రయోగం, రెండు పక్కలా కర్తలున్నారు.

మూడవది చెప్పడం, చూపించడం, చేయడం. 1959లో అడెల్‌స్టన్ అనే అమెరికా వైద్యుడు పిల్లల కోసం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ముందు తేలిక మాటల్లో చెప్పాలి. పనిముట్టును చూపించి, గోటి మీద తిప్పి, చప్పుడు వినిపించాలి. అప్పుడు, చెప్పినంత మాత్రమే, చేయాలి. దీన్ని దంతవైద్య కళాశాలల్లో పిల్లల విభాగంలో నేర్పుతారు. అరవై ఏళ్ళవారికి ఎందుకు పనికిరాదో నాకు బోధపడదు. తెలియనిదానికి భయపడడంలో వయోభేదం లేదు.

నాలుగవది నిజం చెప్పడం. ఆ అమ్మాయి "నొప్పే ఉండదు", "చీమ కుట్టినట్టు" అనలేదు. "సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టే లోపల తగ్గుతుంది" అంది. అన్నట్టే అయింది. అబద్ధం ఒక్కసారే పని చేస్తుంది. చెప్పినట్టే జరిగిన చిన్న బాధ తరువాతి మాటకు హామీ అవుతుంది. సూది మందును కూడా నిమిషానికి ఒక మిల్లీలీటరు మించకుండా మెల్లగా ఎక్కించాలి. తొందరగా నెడితే ఆ ఒత్తిడికే నొప్పి. ఎక్కించేటప్పుడు బుగ్గను పట్టుకొని కాస్త అటూ ఇటూ ఊపింది. ఇందులో మంత్రమేమీ లేదు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పినది, వెన్నుపాములో నొప్పి కబురు పోయే దారికి ఒక తలుపు వంటిది ఉందనీ, తాకిడి, అదురు వంటి కబుర్లు ముందుపడితే ఆ తలుపు కొంత మూసుకొంటుందనీ. పిల్లవాడి మోకాలికి దెబ్బ తగిలితే తల్లి రుద్దడంలో ఉన్న కీలకం ఇదే. శాస్త్రం రాకముందే తల్లులకు తెలుసు.

ఐదవది ఊపిరి. మెల్లగా పీల్చి, అంతకంటె మెల్లగా వదలడం. పీల్చేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఆరు అంకెలు లెక్కపెడితే చాలు. అయితే రక్తం చూసినా సూది చూసినా కళ్ళు తిరిగి పడిపోయేవారికి ఇది చాలదు. వారికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. 1987లో స్వీడన్‌కు చెందిన ఓస్ట్ అనే మనస్తత్వవేత్త బృందం వారికోసం వేరే ఉపాయాన్ని ప్రకటించింది: చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను పది పదిహేను క్షణాలు గట్టిగా బిగించి, కొద్దిగా సడలించి, మళ్ళీ బిగించడం. రక్తపోటు నిలబడుతుంది, మనిషి పడిపోడు. ఒకే భయానికి రెండు రకాల మనుషులు, రెండు రకాల ఉపాయాలు. ఎవరు ఏ రకమో అడిగితే గదా తెలిసేది!

అడగడానికి కొలబద్దలు కూడా ఉన్నాయి. 1969లో కోరా అనే అమెరికా పరిశోధకుడు నాలుగు ప్రశ్నలతో ఒకటి తయారు చేశాడు. 1995లో బ్రిటన్‌లో దాన్ని సవరించి ఐదు చేశారు. రేపు పంటి వైద్యుని దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది? బయట కూర్చొని ఎదురుచూస్తుంటే? పన్ను తొలుస్తారంటే? పళ్ళు గీకి శుభ్రం చేస్తారంటే? చిగురుకు సూది వేస్తారంటే? ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 19 గాని, పైన గాని వస్తే ఆ మనిషిది తీవ్రమైన భయం. పిల్లల కోసం 2016లో మన దేశపు వైద్యులే ఛోటా భీమ్, చుట్కీ ముఖాలతో ఒక కొలబద్ద చేశారు. పేరు, వయసు, సెల్ నంబరు రాసే కాగితం మీదే ఈ ఐదు ప్రశ్నలూ తెలుగులో అచ్చు వేయడానికి ఎంత ఖర్చు? కాగితానికి రెండో వైపు ఖాళీగానే ఉంటుంది.

ఇక ఆక్షేపణలు. "రోజుకు నలభై మంది వస్తారు, కబుర్లకు తీరిక ఎక్కడిది?" అంటారు. నోరు తెరవనివాడితో, తల తిప్పేవాడితో, మధ్యలో లేచిపోయేవాడితో పోయే కాలం లెక్క కట్టారా? బడిలో మొదటి వారం పిల్లల భయం తీర్చడానికి ఖర్చు పెట్టిన పంతులు సంవత్సరాంతానికి పాఠాలు ముందే ముగిస్తాడు. "మాత్ర ఇస్తే పోతుంది గదా" అంటారు. మత్తు మాత్ర వేసికొన్నవాడు ఆ రోజు బండి నడపకూడదు, ఒంటరిగా ఇంటికి పోకూడదు. వృద్ధులలోనూ, ఊపిరి జబ్బు ఉన్నవారిలోనూ మోతాదు మించితే ప్రమాదం. అది ఇచ్చిన వైద్యుడు కనిపెట్టి ఉండాలి. రెండు నిమిషాల మాటకు తీరిక లేనివారు రెండు గంటల కాపలాకు తీరిక చేసుకొంటారా? "మా తాతలు ఇలా భయపడ్డారా?" అనేవారూ ఉన్నారు. పడ్డారు. పన్నుకు దారం కట్టి తలుపుకు ముడి వేసిన కథలు వారు నవ్వుతూ చెప్పారు గాని, అరవై నిండకముందే బోసినోళ్ళతో మెత్తన్నం తిన్నదీ వారే.

మత్తు ఎన్నడూ వద్దని నేననను. మాట అర్థం చేసుకోలేని పసివారు, బుద్ధిమాంద్యం ఉన్నవారు, గంటల తరబడి సాగే శస్త్రచికిత్సలు, ఎంత ఓపికగా ప్రయత్నించినా లొంగని తీవ్ర భయం - ఇటువంటి చోట్ల తగిన శిక్షణ ఉన్నవారు, తగిన పరికరాల మధ్య ఇవ్వవలసిందే. అది చివరి మెట్టు. మొదటి మెట్టు ఎక్కకుండా చివరి మెట్టుకు ఎగరడం మీదనే నా తగవు.

భీమవరంలో విష్ణు, రాజమండ్రి వైపు జీయస్సెల్, లెనోరా - మా గోదావరి తీరంలోనే ఇన్ని దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ పాఠాలు ఇంగ్లీషులో సాగుతాయి, సాగనీయండి. కుర్చీలో పడుకొనేవారిలో ఎక్కువమంది మాత్రం తెలుగులో భయపడతారు. విద్యార్థి పన్ను ఎంత చక్కగా తీశాడో పరీక్షించినట్టే, తీయబోయే పనిని లంక నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు రెండు నిమిషాలలో తేట తెలుగున చెప్పగలడో లేడో కూడా పరీక్షించాలి. దానికీ మార్కులు వేయాలి. మార్కులు లేని పాఠాన్ని ఎవరూ చదవరని నాకు బాగా తెలుసు. రోగి తన వారినైనా శంకించవచ్చు గాని వైద్యునికి తన్ను తాను అప్పగించుకొంటాడనీ, కనుక అతణ్ణి బిడ్డలా కాపాడాలనీ సుశ్రుతుడు వైద్యుని ధర్మంగా చెప్పాడు. అప్పగించుకొన్నవాణ్ణి వెక్కిరించడం ఏ శాస్త్రంలో ఉంది?

వైద్యుల వంతు అది. మన వంతు అంతకంటె సులభం, ఖర్చు లేనిది. పిల్లలకు పన్ను నొప్పి రాకముందే ఒకసారి తీసికెళ్ళి ఆ కుర్చీ ఎక్కించి, దించి తీసికొని రండి; మొదటి పరిచయం నొప్పితో కాకూడదు. మీకు జరిగిన పాత రక్తపాతాల కథలు వారి ముందు చెప్పకండి. మీకే భయముంటే కుర్చీ ఎక్కకముందే నోరు తెరిచి చెప్పండి. చెయ్యి ఎత్తితే ఆపాలని ఒప్పందం చేసుకోండి. ఒప్పుకోని వైద్యుణ్ణి మార్చండి. సూది పేరు చెప్పి పిల్లవాణ్ణి నిద్రపుచ్చేవారు మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రికే ఆ అలవాటు మాన్పించండి. బ్లాగ్మిత్రులలో దంతవైద్యులు ఉంటే నా వాదంలో తప్పులు చూపించండి, సంతోషంగా వింటాను. "తీరిక లేదు" అన్న ఒక్క జవాబు మాత్రం వద్దు. దానికి సమాధానం పైన రాశాను.